లోటస్ టెంపుల్ ఫార్వార్డ్‌లో ఎన్ని మాటలు నిలుస్తాయి?

మా చెల్లెలి కుటుంబం ఈమధ్య ఢిల్లీ వెళ్ళి, లోటస్ టెంపుల్ ముందు దిగిన ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. పది నిమిషాలు కాకముందే మా బాబాయి ఒక ఫార్వార్డ్ వదిలాడు. అది కొత్తదేమీ కాదు, వేరే రెండు గ్రూపుల్లో నేను ముందే చూశాను. మీకూ వచ్చే ఉంటుంది. రాకపోతే, దాని సారం ఇదీ:

"లోటస్ టెంపుల్ గుట్టు తెలుసుకోండి. అది గుడి కాదు. బహాయీలు అనే ముస్లిం తెగ కట్టిన కేంద్రం. అన్ని మతాల్లోంచి తలా కాస్త తీసి కలిపిన కిచిడీ మతం వాళ్ళది. బ్రిటిష్ వాళ్ళు పుట్టించారు, ఇజ్రాయెల్ పోషిస్తోంది. పసిఫిక్ సముద్రంలో కిరిబాటి అనే దేశానికి వెళ్ళి, డాలర్లు చల్లి, తెల్లదొరల అండతో ఒక్క ఏడాదిలో దేశం మొత్తాన్ని మార్చేశారు. సమోవా రాజునీ కలిపేసుకున్నారు. రేపు మన వంతు. ఇంకో విషయం, ఆ టెంపుల్‌కి స్థలం కొనిచ్చింది మన హైదరాబాదీయే. షేర్ చేయండి."

ముందే చెప్తున్నా, నేను బహాయీని కాను. ఏకాదశి ఉపవాసాలు, కార్తీక దీపాలు ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి, అక్కడే ఉన్నాను. బహాయీల్లో నాకు నచ్చని విషయాలూ ఉన్నాయి, వాటి దగ్గరికి వచ్చినప్పుడు చెప్తాను. కానీ ఈ ఫార్వార్డ్‌లో ఒక్కో వాక్యం పక్క వాక్యంతోనే పోట్లాడుకుంటోంది. ముస్లిం తెగ అయితే అన్ని మతాల కిచిడీ ఎలా అయింది? బ్రిటిష్ వాళ్ళు పుట్టించిన మతాన్ని బ్రిటిష్ వాళ్ళే తమ కాలనీ నుంచి ఎందుకు వెళ్ళగొట్టారు? ఈ రెండో ప్రశ్న దగ్గరే అసలు కథ ఉంది. అక్కడికి వెళ్ళేముందు చిన్నవి తేల్చేద్దాం.

"ముస్లిం తెగ" అన్న మాట.

పుట్టుక వరకు ఇందులో కొంత నిజం ఉంది. 1844లో ఇరాన్‌లోని షిరాజ్ పట్టణంలో ఒక యువ వ్యాపారి, షియా ముస్లిం కుటుంబంలో పుట్టినవాడు, తాను దేవుడి కొత్త సందేశం తెచ్చానని ప్రకటించాడు. ఆయనకు బాబ్ అని పేరు. బాబ్ అంటే ద్వారం. తన తర్వాత ఇంకా గొప్పవాడు వస్తాడనీ, తాను ఆయన రాకకు ద్వారం మాత్రమేననీ చెప్పాడు. ఆయన మొదటి పద్ధెనిమిది మంది శిష్యుల్లో ఒకరు మన దేశం నుంచి వెళ్ళినవారు కావడం విశేషం. 1848లో బదష్త్ అనే ఊళ్ళో ఆయన అనుచరులు సమావేశమై, పాత ధర్మశాస్త్రంతో తమకు తెగిపోయిందని తేల్చారు. తాహిరె అనే కవయిత్రి ఆ సభలోనే ముసుగు లేకుండా నిలబడింది. రెండేళ్ళకు, 1850 జూలై 9న, తబ్రీజ్‌లో బాబ్‌ను తుపాకులతో కాల్చి చంపారు.

బాబ్ చెప్పిన ఆ రాబోయేవాడు తానేనని 1863లో బాగ్దాద్‌లోని ఒక తోటలో ప్రకటించినవారు బహావుల్లా. బహాయీ అన్న పేరు ఆయన నుంచే వచ్చింది. టెహ్రాన్‌లో పెద్ద ఇంట్లో పుట్టి, జైళ్ళలో, ప్రవాసంలో నలభై ఏళ్ళు గడిపిన మనిషి. ఆయన రాసిన ధర్మగ్రంథం వేరు, చెప్పిన ప్రార్థనలు వేరు, ఉపవాసాలు వేరు, క్యాలెండర్ వేరు. ముహమ్మద్ ప్రవక్తే చివరివారు అన్నది ఇస్లాంకు మూలస్తంభం. ఆ తర్వాత కూడా దేవుడి దూతలు వచ్చారు, ఇంకా వస్తారు అన్నది బహాయీల మూలస్తంభం. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమిడేవి కావు. ఈ సంగతిని ముస్లింలూ తేల్చి చెప్పారు. 1925లో ఈజిప్టులోని బెబా అనే ఊళ్ళో ఒక సున్నీ మత న్యాయస్థానం, బహాయీలది పూర్తిగా వేరే మతమని తీర్పు ఇచ్చింది. వాళ్ళను ముస్లింల నుంచి వేరుచేయడానికి ఇచ్చిన తీర్పు అది, బహాయీలు మాత్రం దాన్ని సర్టిఫికెట్‌లా దాచుకున్నారు. ఇరాన్ రాజ్యాంగం యూదులను, క్రైస్తవులను, జొరాస్ట్రియన్లను మైనారిటీలుగా గుర్తించింది గానీ బహాయీలను గుర్తించలేదు. 1983 జూన్‌లో షిరాజ్‌లో పదిమంది బహాయీ స్త్రీలను ఉరి తీశారు. వాళ్ళను ఇస్లాంలో ఒక తెగగా ఇరాన్ ఏనాడూ లెక్కించలేదు. ఫార్వార్డ్ రాసినాయన ఒక్కడే లెక్కించాడు.

"కిచిడీ మతం" అన్న మాట.

దీనికి కారణం ఉంది. కృష్ణుడు, బుద్ధుడు, జరతుష్ట్ర, మోషే, ఏసు, ముహమ్మద్, అందరూ ఒకే దేవుడు వేర్వేరు కాలాల్లో పంపినవారే అని బహాయీలు నమ్ముతారు. స్కూల్లో ఒకటో తరగతి టీచర్, ఐదో తరగతి టీచర్ వేరైనా పాఠం ఒకటే కొనసాగుతున్నట్టు. దేవుడొక్కడే, మతాల మూలం ఒక్కటే, మనుషులంతా ఒక్కటే అన్న మూడు మాటల మీద మిగతాదంతా కట్టుకున్నారు. స్త్రీ పురుషులు సమానం, సైన్సుకీ మతానికీ గొడవ ఉండకూడదు, ఎవరి సత్యం వాళ్ళే వెతుక్కోవాలి, విపరీతమైన పేదరికమూ విపరీతమైన సంపదా రెండూ పోవాలి అంటారు.

వినడానికి ఇది "ఏకం సత్" లాగే ఉంటుంది కాబట్టి, మనవాళ్ళలో రెండు రకాల పొరపాట్లు చూశాను. ఒకరు కిచిడీ అని ఎగతాళి చేస్తారు. ఇంకొకరు "అబ్బే, అది మనదే, హిందువుగా ఉంటూనే బహాయీ కావచ్చు" అని కలిపేసుకుంటారు. రెండూ తప్పే. బహాయీలకు కచ్చితమైన నియమాలున్నాయి. ఏడాదికి పంతొమ్మిది నెలలు, నెలకు పంతొమ్మిది రోజులు, మిగిలిన నాలుగైదు రోజులు విడిగా. మార్చిలో పంతొమ్మిది రోజులు సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉపవాసం. రోజూ తప్పనిసరి ప్రార్థన. మందు ముట్టకూడదు. పెళ్ళికి వధూవరులతో పాటు బతికి ఉన్న తల్లిదండ్రులందరి అంగీకారం కావాలి. పార్టీ రాజకీయాల్లో దిగకూడదు. చనిపోయాక దహనం ఉండదు, ఖననమే. అదీ చనిపోయిన చోటు నుంచి గంట ప్రయాణం దాటని దూరంలో. కాశీలో అస్థికలు కలపాలని కలలుగనే మా నాయనమ్మతో ఈ మాట చెప్పి, "అది మనదే" అని ఒప్పించండి చూద్దాం.

పిల్లలకు మతం వారసత్వంగా దానంతట అది రాదు. పదిహేనేళ్ళు నిండాక ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవాలి. ఈ ఒక్క నియమం నాకు బాగా నచ్చింది.

"అది గుడి కాదు" అన్న మాట.

నిజమే. వాళ్ళూ గుడి అనలేదు, ప్రార్థనా మందిరం అంటారు. లోపల విగ్రహం లేదు, పూజారి లేడు, ప్రసంగాలు లేవు. ఏ మతం పవిత్ర గ్రంథంలోంచైనా చదవొచ్చు, పాడొచ్చు, వాద్యాలు మాత్రం ఉండకూడదు. ఇరవై ఏడు పాలరాతి రేకులు, తొమ్మిది ద్వారాలు. ప్రపంచంలో ఎక్కడ కట్టినా బహాయీ మందిరానికి తొమ్మిది వైపులు ఉండాలన్నది నియమం. తామర ఆకారం మాత్రం ఇక్కడి కోసం ఎంచుకున్నది. ఫరీబుర్జ్ సాహ్‌బా అనే ఇరానీ ఆర్కిటెక్ట్, మన దేశంలో అన్ని మతాలవాళ్ళకూ తామర పవిత్రమని గమనించి గీశాడు. కాబట్టి తామరను పూజిస్తారనడమూ తప్పే. మా చెల్లెలు ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, "అన్నయ్యా, హుండీ ఎక్కడుందో కనపడలేదురా, మొక్కుకున్న నూటపదహార్లు ఎక్కడ వేయాలి?" అని. ఉండదు. బహాయీలు కానివాళ్ళ దగ్గర తమ మత కార్యక్రమాలకు డబ్బు తీసుకోకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. డాలర్ల మాట వచ్చినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

"ఇజ్రాయెల్ పోషిస్తోంది" అన్న మాట.

బహాయీల ప్రపంచ కేంద్రం హైఫాలో ఉంది, అది ఇజ్రాయెల్‌లోనే ఉంది. అంతవరకే నిజం. అక్కడికి వాళ్ళు ఇష్టపడి వెళ్ళలేదు. ఒట్టోమన్ సుల్తాను బహావుల్లాను కుటుంబంతో సహా 1868 ఆగస్టులో హైఫా దగ్గర్లోని అక్కా అనే ఊరి కోటలో ఖైదు చేశాడు. అది అప్పటికి పనికిమాలిన రేవు, నేరస్థులను తోలే చోటు. ఆయన 1892లో ఆ దగ్గర్లోనే చనిపోయారు. బాబ్ అస్థికలను 1909లో హైఫాలోని కార్మెల్ కొండ మీద ఉంచారు. ఇజ్రాయెల్ అనే దేశం ఏర్పడింది 1948లో. ఎనభై ఏళ్ళ తర్వాత పుట్టబోయే దేశం ఎనభై ఏళ్ళ ముందే ఎలా పోషించింది? మనలో జాతకాలు చూసేవాళ్ళు చెప్పాలి. పైగా ఇజ్రాయెల్‌లో తమ మతాన్ని బోధించకూడదని బహాయీలు తమకు తాముగా కట్టడి పెట్టుకున్నారు.

"బ్రిటిష్ వాళ్ళు పుట్టించారు" అన్న మాట.

ఈ మాటకు ఆధారంగా ఒక ఫోటో తిరుగుతుంటుంది. తెల్ల గడ్డం పెద్దాయన కూర్చుని ఉంటే చుట్టూ బ్రిటిష్ అధికారులు. ఆయన బహావుల్లా కొడుకు అబ్దుల్ బహా. 1920లో ఆయనకు బ్రిటిష్ ప్రభుత్వం "సర్" బిరుదు ఇచ్చిన మాట నిజం. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనాలో కరువు వస్తే ఆయన ధాన్యం పంచిపెట్టి జనాన్ని ఆదుకున్నందుకు. మతం మొదలైంది 1844లో, బిరుదు వచ్చింది 1920లో. మధ్యలో డెబ్బై ఆరేళ్ళు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారికి కూడా 1931లో "సర్" ఇచ్చారు. అలాగని అద్వైతాన్ని లండన్‌లో తయారు చేశారని ఎవరూ అనరు కదా.

ఇక కిరిబాటి. ఫార్వార్డ్‌లో జనాన్ని బాగా భయపెట్టేది ఈ ముక్కే, నిజానికి చాలా దూరంగా ఉన్నదీ ఇదే.

ముందు పేరు సంగతి. రాసేది కిరిబాటి అని, పలికేది దాదాపు "కిరిబాస్" అని. అక్కడి భాషలో "స" ధ్వనికి "టి" అక్షరాలు వాడతారు. "గిల్బర్ట్స్" అన్న ఇంగ్లీషు పేరును వాళ్ళ నోటితో పలికితే వచ్చిందే ఆ పేరు. ముప్పై మూడు దీవులు. చాలావరకు సముద్రం మీద ఉంగరాల్లా తేలే సన్నటి పగడపు దిబ్బలు. అన్నీ కలిపినా నేల 811 చదరపు కిలోమీటర్లు, మన ఒక జిల్లాకు ఏ మూలకూ రాదు. అవి పరుచుకున్న సముద్రం మాత్రం భారతదేశం కంటే పెద్దది. కొబ్బరి, చేప, గుంటల్లో పెంచే ఒక రకం పెద్ద చేమదుంప, ఇదీ తిండి. 1892 నుంచి బ్రిటిష్ వాళ్ళ కింద ఉండి, 1979 జూలై 12న స్వతంత్రం తెచ్చుకుంది.

1916లో అబ్దుల్ బహా, అమెరికాలోని అనుచరులకు రాసిన ఉత్తరాల్లో, మన మాట చేరాల్సిన పసిఫిక్ దీవుల జాబితా ఇచ్చారు. అందులో గిల్బర్ట్ దీవుల పేరూ ఉంది. అప్పటికి అక్కడ ఒక్క బహాయీ లేడు. ఆ తర్వాత ముప్పై ఏడేళ్ళు ఎవరూ వెళ్ళలేదు కూడా. 1953లో ఆయన మనవడు షోగీ ఎఫెండీ పదేళ్ళ ప్రణాళిక ఒకటి ప్రకటించారు. బహాయీలు లేని దేశాలకూ దీవులకూ ఎవరైనా వెళ్ళి స్థిరపడండి, అక్కడే పని చూసుకుని బతకండి అని. అలా వెళ్ళిన దాదాపు 250 మందికి "బహావుల్లా వీరులు" అన్న అర్థం వచ్చే బిరుదు ఇచ్చారు. వీళ్ళను మిషనరీలు అనకూడదు, పయనీర్లు అనాలంటారు బహాయీలు. జీతం లేని మాట నిజమే, చర్చి పదవి లేని మాటా నిజమే. కానీ వెళ్ళిన ఉద్దేశం తమ మతాన్ని పరిచయం చేయడమే. పేరు మార్చినా పని తెలుస్తూనే ఉంది. ఇక్కడ బహాయీలతో నాకు పేచీ.

1954 మార్చి 4న రాయ్ ఫెర్నీ, ఎలీనా ఫెర్నీ అనే దంపతులు అబయాంగ్ దీవిలో దిగారు. ఆ దీవి పేరు మామూలుది కాదు. 1857లో హైరమ్ బింగమ్ అనే ప్రొటెస్టెంట్ మిషనరీ దిగింది కూడా ఈ అబయాంగ్‌లోనే. గిల్బర్ట్ భాషకు రాత కల్పించి, తర్వాత బైబిల్ అనువదించింది ఆయనే. 1888లో ఇంకో దీవికి కేథలిక్ ఫాదర్లు వచ్చారు. అంటే ఫెర్నీలు వచ్చేనాటికి ఆ దీవుల్లో రెండు చర్చిలు బలంగా పాతుకుపోయి ఉన్నాయి. బడులు వాళ్ళవే, అచ్చు పుస్తకాలు వాళ్ళవే. "అమాయకపు ఆదివాసుల పూర్వీకుల మతాన్ని బహాయీలు చెడగొట్టారు" అని అదే ఫార్వార్డ్‌కు ఇంకో రూపంలో చదివాను. పూర్వీకుల మతం మారింది బహాయీలు రావడానికి దాదాపు వందేళ్ళ ముందు. అది కూడా విదేశీయుల చేతుల్లోనే.

ఆ తర్వాత ఏం జరిగింది? అక్కడి కేథలిక్ వర్గం గట్టిగా ఎదురు తిరిగింది. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది సహజమే, తమ బడిలో చదువుకున్న కుర్రాళ్ళు కొత్త మాటలు వింటున్నారు. మొదట చేరిన స్థానికుడు పీటర్ కనారే కోరు. చివరికి ఏమైందంటే, ఫెర్నీలను కాలనీ నుంచి పంపేశారు. కోరును అబయాంగ్‌లో ఉండనివ్వకుండా ఆయన సొంత దీవికి తరిమారు.

తెల్లదొరల అండ అంటే ఇదేనా? అప్పుడు అది బ్రిటిష్ కాలనీ. ఎవరు ఏ పడవలో రావాలో, ఎవరు ఉండకూడదో చెప్పే అధికారం బ్రిటిష్ అధికారులదే. బ్రిటిష్ వాళ్ళు పుట్టించి పెంచిన మతమే అయితే, వాళ్ళ జెండా కింద దేశబహిష్కారం ఎలా పడింది? ఫార్వార్డ్ రాసినవాళ్ళు ఈ రెండు వాక్యాల్లో ఏదో ఒకటి కొట్టేయాలి. నా సలహా, రెండూ కొట్టేయడం మేలు.

డబ్బు మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. డబ్బుతో నిలబెట్టిన గుంపు, డబ్బు పెట్టేవాణ్ణి పడవెక్కించగానే చెదిరిపోవాలి. అబయాంగ్‌లో అలా జరగలేదు. ఫెర్నీలు దిగిన ఏడాదికే రెండు వందల పైచిలుకు బహాయీలు అయ్యారు, ఊళ్ళో స్థానిక సభ కూడా ఏర్పడింది. ఫెర్నీలు పోయినా అది ఆగలేదు. కోరును పంపిన దీవిలో, మూడేళ్ళ తర్వాత చూస్తే పదిమంది బహాయీలు తేలారు. శిక్షగా పంపిన మనిషి అక్కడ కూడా నోరు కట్టుకుని కూర్చోలేదన్నమాట. 1963 నాటికి ఆ దీవుల్లో పద్నాలుగు స్థానిక సభలు, కొన్ని బడులు ఉన్నాయి.

ఎందుకు ఆగలేదన్నది నాకు ఆసక్తి కలిగించిన సంగతి. బహాయీలలో పూజారి వర్గం లేదు. ఫాదర్ లేకపోతే పూజ ఆగే మతాల్లో, ఫాదర్‌ను వెళ్ళగొడితే పని సగం అయిపోయినట్టే. బహాయీలలో ఒక ఊళ్ళో తొమ్మిది మంది పెద్దవాళ్ళు ఉంటే చాలు, ఏటా ఏప్రిల్ 20, 21 ప్రాంతంలో రహస్య ఓటుతో సభ ఎన్నుకుంటారు. నామినేషన్లు ఉండవు, ప్రచారం ఉండదు, నాకు ఓటేయమని అడగడమే తప్పు. (మన పంచాయతీ ఎన్నికలు ఒక్కసారి ఇలా జరిపితే సారా కాంట్రాక్టర్లు ఏమైపోతారో.) ఎన్నికైన ఆ తొమ్మిది మందే ఊరి బహాయీ వ్యవహారాలన్నీ చూసుకుంటారు, పెళ్ళిళ్ళతో సహా. ఫెర్నీలను పంపేసేనాటికి ఈ సభ నడిపేది స్థానికులే. పడవెక్కించడానికి ఇంకెవరూ మిగల్లేదు.

ఇంకో ఊహ కూడా ఉంది నాకు, ఊహగానే తీసుకోండి. కిరిబాటి ఊళ్ళల్లో మనేబా అని ఒక పెద్ద తాటాకు పందిరిలాంటి సభాస్థలం ఉంటుంది. మన రచ్చబండకు పైకప్పు వేస్తే ఎలా ఉంటుందో అలా. ఉనిమ్వానే అనే ముసలి పెద్దలు అందులో గుండ్రంగా కూర్చుని గంటలకొద్దీ మాట్లాడుకుని ఒక మాటకు వస్తారు. అందరూ కూర్చుని, మాట్లాడి, ఒప్పందానికి రావాలనే బహాయీ పద్ధతి అలాంటి ఊరికి వింతగా అనిపించి ఉండదు. వింతగా అనిపించేది వేరే ఉంది. ఈ సభకు ఆడవాళ్ళు ఓటేయొచ్చు, ఎన్నిక కావచ్చు. మనేబాలో మాట చెల్లేది ముసలి మగవాళ్ళకే. ఈ కొత్త దారి ఆడవాళ్ళలో కొందరికి నచ్చి ఉంటుందని నాకనిపిస్తుంది.

ఆడవాళ్ళ మాట వచ్చింది కాబట్టి నాకు నచ్చనిది ఇక్కడే చెప్పేస్తా. స్థానిక సభల్లో, జాతీయ సభల్లో స్త్రీలుంటారు. హైఫాలో ఉండే అత్యున్నత సభలో మాత్రం, 1963లో మొదటిసారి ఎన్నికైన నాటి నుంచి, తొమ్మిది మందీ మగవాళ్ళే. ఇది మూల గ్రంథాల్లోనే ఉంది, కారణం ముందు ముందు తెలుస్తుంది అంటారు. సమానత్వాన్ని మూలసూత్రంగా పెట్టుకున్నవాళ్ళు ఇచ్చే జవాబు ఇదేనా అని అడిగితే నాకు తృప్తి కలిగే సమాధానం దొరకలేదు. ఫార్వార్డ్ రాసినాయన ఇది పట్టుకుని ఉంటే నేను కూడా షేర్ చేసేవాణ్ణేమో. ఆయనకు ఇది కనపడలేదు, తెల్లదొరలు కనపడ్డారు.

"దేశం మొత్తాన్ని మార్చేశారు" అన్న మాట.

ఇది లెక్కల విషయం. 1954-55లో గిల్బర్ట్, ఎల్లిస్ దీవులు కలిసిన ఆ కాలనీలో పదుల వేల జనం. అందులో రెండు వందల మంది అంటే ఒక్క శాతం కూడా కాదు. సరే, అది మొదట్లో. ఇప్పుడు? ఆ దేశ జనాభా లక్షా ఇరవై వేలకు కాస్త అటూ ఇటూ. సగానికి పైగా కేథలిక్కులు. ఆ తర్వాత ప్రొటెస్టెంట్లు. జనగణన ఎప్పుడు చేసినా బహాయీలు రెండు మూడు శాతం మధ్యే తేలుతున్నారు. డెబ్బై ఏళ్ళ తర్వాత నూటికి ఇద్దరు ముగ్గురు. దేశం మొత్తం అంటే ఇదేనా?

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. బహాయీలు తమ లెక్కల్లో పదిహేడు శాతం పైన చూపించారు. జనగణనకీ దీనికీ ఆరేడు రెట్ల తేడా. నా ఉద్దేశంలో ఇది అబద్ధం కంటే రిజిస్టర్ జబ్బు. ఒకసారి చేరినట్టు పేరు రాసుకుంటే, తర్వాత మళ్ళీ చర్చికే వెళ్తున్నా ఆ పేరు కొట్టేసేవాళ్ళుండరు. జనగణన వాడు గుమ్మంలో నిలబడి "మీ మతమేంటి" అని అడిగినప్పుడు మనిషి ఇవాళ ఏమనుకుంటున్నాడో అది చెప్తాడు. నేనైతే గుమ్మం దగ్గర చెప్పిన మాటే నమ్ముతాను. విచిత్రమేంటంటే, బహాయీలను పొగిడే పోస్టులూ, తిట్టే పోస్టులూ రెండూ ఆ పెద్ద అంకెనే ఎత్తుకుంటాయి. ఒకరికి గర్వం కోసం, ఇంకొకరికి భయం కోసం.

సమోవా రాజు సంగతి.

ఇందులో మనిషి నిజం, భయం అబద్ధం. సమోవాకు 1962 నుంచి 2007లో చనిపోయేదాకా దేశాధినేతగా ఉన్న మాలియెటోవా తనుమాఫిలి 1968లో బహాయీ అయ్యారు. ఒక దేశాధినేత పదవిలో ఉండగా బహాయీ కావడం అదే మొదటిసారి. 1984లో ఆ దేశ రాజధాని ఆపియా పైన కొండ మీద బహాయీ మందిరం కూడా కట్టారు. చాలా అందంగా ఉంటుంది. మరి రాజు దాదాపు నలభై ఏళ్ళు బహాయీగా ఉన్న దేశంలో బహాయీలెంత మంది? ఒక్క శాతం కూడా లేరు. 2017లో సమోవా తన రాజ్యాంగాన్ని సవరించి, తమది క్రైస్తవ దేశమని రాసుకుంది. రాజు మారితే ప్రజలు మారిపోతారన్న సిద్ధాంతానికి ఇంతకంటే చెడ్డ ఉదాహరణ వెతికినా దొరకదు. "కలిపేసుకున్నారు" అన్నమాట అయితే ఆయనకే అవమానం. అరవై దగ్గర పడుతున్న మనిషి, తన దేశంలో అత్యున్నత బిరుదులు ధరించినవాడు, ఎవరో లాగితే పోయే రకమా?

"రేపు మన వంతు" అన్నదానికి విడిగా జవాబు అక్కర్లేదు. అబయాంగ్‌లో ఏం జరిగిందో చదివాక భయపడాలో వద్దో మీ ఇష్టం.

చివరిగా హైదరాబాదీ. మా గ్రూపులో అందరూ లైక్ కొట్టిన వాక్యం ఇదొక్కటే. సరిదిద్దడానికి నాకూ మనసొప్పలేదు. ఆ స్థలం కొనడానికి 1953లో తన జీవితకాలపు పొదుపంతా ఇచ్చేసిన అర్దషీర్ రుస్తంపూర్ హైదరాబాదీయే. కాకపోతే ఆయన హైదరాబాద్ సింధ్‌లో ఉంది. ఇప్పటి పాకిస్తాన్‌లో. ఫెర్నీలు బయల్దేరడానికి కారణమైన ఆ పదేళ్ళ ప్రణాళిక మొదలైంది కూడా ఆ ఏడాదే. ఆయన డబ్బుతో కొన్న నేల మీద మందిరం లేవడానికి 1986 దాకా పట్టింది.

ఇదంతా నాలుగు ముక్కలుగా విరగ్గొట్టి గ్రూపులో పెట్టాను. రెండు గంటలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మా బాబాయి పెట్టాడు: "సింధ్ అయితే మాత్రం ఏంట్రా, అక్కడా బిర్యానీ బానే చేస్తారంట."